యాత్రకు ముందు నీటి లెక్క తెలుసుకోవాలి

పాపికొండలు, మారేడుమిల్లి, కోరంగి ప్రయాణాలకు సన్నద్ధత ఎలా?

రాజమహేంద్రవరం: కార్తికమాసం సమీపించగానే గోదావరి తీరాన విహారయాత్రల సందడి మొదలవుతుంది. పాపికొండల బోట్లకు టికెట్లు, మారేడుమిల్లి అతిథిగృహాల్లో గదులు ముందుగానే నిండిపోతాయి. కుటుంబాలు, కళాశాల విద్యార్థులు, కార్యాలయ సిబ్బంది బృందాలుగా తరలివెళతారు. బయలుదేరే ముందు జరిగే చర్చంతా వాహనం, భోజనం, బస చుట్టూనే తిరుగుతుంది. నదిలో ప్రవాహం ఎంత, కొండపైన వాన పడుతోందా, సముద్రపు పోటు ఏ వేళకు వస్తుంది అన్న ప్రశ్నలు చాలా ఇళ్లలో తలెత్తనే తలెత్తవు. పుట్టినప్పటి నుంచి గోదావరిని చూస్తున్నామన్న ధీమా ఇందుకు ఒక కారణం. పుష్కర ఘాట్ మెట్ల మీద కాళ్లు తడుపుకునే గోదావరి వేరు, కొండల నడుమ ఇరుకు దారిలో ఒరుసుకుంటూ సాగే గోదావరి వేరు. ఆ తేడా తెలియకపోవడం వల్ల ఎంత నష్టం వాటిల్లగలదో కచ్చులూరు చూపింది.

హెచ్చరిక లేకపోతే క్షేమమేనా?

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండిపోచమ్మ ఆలయం వద్ద నుంచి పాపికొండలకు బయలుదేరిన పర్యాటక బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు సమీపంలో గోదావరిలో మునిగిపోయింది. ఆ రోజు 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. వారిని ఒడ్డుకు చేర్చినవారిలో ముందున్నది తూటుగుంట గ్రామస్థులు. యాభై మంది వరకు నీటి పాలయ్యారు. నదీగర్భంలో చిక్కుకున్న బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న, అంటే 38వ రోజున వెలికితీసింది. బోటులో ఎందరు ఎక్కారన్న లెక్క సైతం తొలి రోజుల్లో పలు విధాలుగా వినిపించింది.

ఆ దుర్ఘటన గురించి చాలామంది గుర్తుంచుకోని అంశం ఒకటి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి, 13.75 అడుగులకు రెండో, 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. మొదటి హెచ్చరిక వెలువడే సమయానికి ఆనకట్ట దాటి వెళ్లే నీరు సుమారు 10 లక్షల క్యూసెక్కులు ఉంటుంది. కచ్చులూరు దుర్ఘటన నాడు నదిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. అంటే మొదటి హెచ్చరికకు కావలసిన దానిలో సగమే. హెచ్చరికలు లేవు కనుక గోదావరి నెమ్మదిగానే ఉన్నదని భావించేవారికి ఈ లెక్క ఒక్కటి చాలు.

ధవళేశ్వరం వద్ద ఇచ్చే హెచ్చరికలు ప్రధానంగా లంక గ్రామాల కోసం, ఏటిగట్ల రక్షణ కోసం ఉద్దేశించినవి. అవి బోటు ప్రయాణికుల కోసం రూపొందించినవి కావు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్ల నీరు. 5 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు సుమారు 1.4 కోట్ల లీటర్లు. పది వేల లీటర్లు పట్టే ట్యాంకర్లతో కొలిస్తే ప్రతి సెకనుకు 1,400 ట్యాంకర్ల నీరు కదులుతున్నట్లు లెక్క. ఆ నీరంతా ధవళేశ్వరం వద్ద కిలోమీటర్ల వెడల్పున పరచుకుంటుంది గనుక నిదానంగా కనిపిస్తుంది. అదే నీరు పాపికొండల వద్ద రెండు కొండల మధ్య సందులో నుంచి దూరి రావాలి. దారి ఇరుకైన కొద్దీ వేగం పెరుగుతుంది. నది మలుపు తిరిగే చోట, అడుగున రాతి గుట్టలున్న చోట నీరు మెలితిరిగి సుడిగుండాలు ఏర్పడతాయి. వాటిలో చిక్కిన బోటు తిన్నగా సాగదు, ఒక పక్కకు లాగుతుంది. రెండంతస్తుల బోటు అయితే పై అంతస్తులో జనం ఉన్న కొద్దీ ఒరిగే స్వభావం ఎక్కువవుతుంది. ఒరిగిన క్షణంలో భయంతోనో, చూడాలన్న ఆత్రుతతోనో అందరూ ఒకే వైపుకు వస్తే ఇక నిలబడటం కష్టం.

శబరి నీరు భద్రాచలంలో కనిపించదు

ప్రవాహం వివరాలు తెలుసుకోవాలనుకునే కొద్దిమంది సైతం భద్రాచలం నీటిమట్టం చూసి ఊరుకుంటారు. అక్కడ 43 అడుగులకు మొదటి, 48 అడుగులకు రెండో, 53 అడుగులకు మూడో హెచ్చరిక జారీ అవుతుంది. 2022 జులైలో అక్కడ నీటిమట్టం 71 అడుగులు దాటిన సంగతి లంక వాసులు మరచిపోలేదు. అయితే శబరి నది గోదావరిలో కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం వద్ద. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కొండల్లో భారీగా వానలు కురిసి శబరి పొంగితే ఆ నీరు భద్రాచలం కొలబద్దను తాకకుండానే పాపికొండలకు చేరుతుంది. అందువల్ల పాపికొండలకు వెళ్లదలచినవారు భద్రాచలంతో పాటు చింతూరు, కూనవరం వద్ద పరిస్థితిని తెలుసుకోవడం అవసరం. వరదల కాలంలో ఈ మూడు చోట్ల నీటిమట్టాలూ పత్రికల్లో, రేడియోలో వస్తూనే ఉంటాయి.

పోలవరం ప్రాజెక్టు పనులు మొదలైన తరువాత నది నడకలో సైతం మార్పు వచ్చింది. 2021 జూన్ నుంచి గోదావరి ప్రవాహాన్ని స్పిల్‌వే మీదుగా మళ్లిస్తున్నారు. ఎగువ కాఫర్ డ్యామ్ కారణంగా వరద వచ్చినప్పుడు నీరు వెనక్కు ఎగదన్ని దేవీపట్నం పరిసరాలను, గండిపోచమ్మ ఆలయాన్ని ముంచెత్తడం పరిపాటిగా మారింది. ఏ రాయి ఎక్కడుందో, ఏ మలుపులో నీరు ఎటు లాగుతుందో దశాబ్దాల అనుభవంతో తెలుసుకున్న సరంగులకు సైతం పాత గుర్తులు చాలా వరకు నీటి అడుగున పడిపోయాయి. పదేళ్ల కిందట వెళ్లి వచ్చాం, ఏమీ కాలేదన్న మాటకు ఇప్పుడు పెద్దగా విలువ లేదు.

సాధారణంగా జూన్, జులై నెలల్లో వరద మొదలైనప్పటి నుంచి నీరు తగ్గేవరకు బోట్లను నిలిపివేస్తారు. ఆ కాలంలో టికెట్ ఇప్పిస్తామని ఎవరు చెప్పినా నమ్మరాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నది యాత్రకు అనువైన కాలం. అందులోనూ అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుపాన్ల కాలమని మరువరాదు. 1996 నవంబరు 6న కోనసీమను తుడిచిపెట్టిన తుపాను వచ్చింది కార్తికమాసపు ముంగిటే. వాయుగుండం కబురు వినగానే తేదీ మార్చుకునేలా బస, వాహనం ముందే మాట్లాడుకోవడం మేలు. బయానా పోతుందన్న బాధతో ప్రమాదంలోకి వెళ్లేవారే ఎక్కువ. పదిమంది బృందంగా వెళ్లేటప్పుడు ఎవరో ఒకరు వద్దన్నా మిగతావారు ఒప్పుకోరు. అందుకే ఏ పరిస్థితిలో ప్రయాణం మానుకోవాలో ఇంటి వద్దనే, టికెట్ కొనకముందే నిర్ణయించుకోవాలి.

ఎండాకాలం పూర్తిగా క్షేమమనుకోవడం సైతం పొరపాటే. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు వద్ద ప్రయాణికుల లాంచీ గాలివానకు బోల్తాపడి ఇరవై మంది వరకు మరణించారు. వాన జల్లు లోపలికి కొట్టకుండా తలుపులు మూసివేయడంతో లోపలివారు బయటపడలేకపోయారు. వేసవిలో ఉదయమంతా మండే ఎండ కాసి, సాయంత్రం వేళ ఉన్నట్టుండి ఈదురుగాలులు విరుచుకుపడటం ఈ కొండ ప్రాంతంలో సహజం. కనుక మార్చి తరువాత వెళ్లేవారు తెల్లవారుతూనే బయలుదేరి పొద్దు వాలకముందే రేవు చేరేలా చూసుకోవాలి. ఆ దుర్ఘటనకు నాలుగు రోజుల ముందే, మే 11న పాపికొండలకు వెళుతున్న ఒక బోటులో మంటలు చెలరేగాయి. ప్రయాణికులందరూ బయటపడటం అదృష్టం.

రేవులో అడగవలసినవి

కచ్చులూరు తరువాత ప్రభుత్వం నదీ పర్యాటక కేంద్రాల్లో కంట్రోల్ రూములు నెలకొల్పింది. తనిఖీ లేకుండా బోటు కదలరాదన్నది నియమం. అయినా ప్రయాణికుడు తన కళ్లతో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బోటుకు అనుమతించిన ప్రయాణికుల సంఖ్య ఎంత, ఎక్కినవారు ఎందరు అన్నది మొదటి ప్రశ్న. ప్రతి ఒక్కరి పేరు జాబితాలో ఉండాలి. చంటిపిల్లలకు టికెట్ అవసరం లేకపోయినా వారి పేరు సైతం రాయించాలి. ఏదైనా జరిగినప్పుడు ఎవరి కోసం వెతకాలో తెలియజేసేది ఆ కాగితమే. ఆ రోజు కచ్చులూరులో లెక్క తేలక కుటుంబాలు పడిన వేదన అందరూ చూసినదే.

లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం పనికిరాదు. కచ్చులూరులో ప్రాణాలతో తేలినవారిలో జాకెట్లు ధరించినవారే అధికమని, భోజన వేళ పలువురు వాటిని విప్పి పక్కన పెట్టారని అప్పట్లో వార్తలు వెలువడ్డాయి. రేవులో ఫొటో దిగేవరకు వేసుకుని, బోటు కదిలిన పావుగంటకు ఉక్కపోస్తోందని తీసివేయడం ఇప్పటికీ కనిపించే దృశ్యమే. మునిగే బోటులో జాకెట్ వెతుక్కుని, పట్టీలు బిగించుకునేంత వ్యవధి ఉండదు. పట్టీలన్నీ బిగించిన తరువాత భుజాల వద్ద పట్టుకుని పైకి లాగి చూడాలి. జాకెట్ చెవుల వరకు జారి వస్తే అది వదులుగా ఉన్నట్లే. నీటిలో పడితే అది తలమీదుగా ఊడిపోతుంది. పిల్లలకు పెద్దల జాకెట్ తొడగడం వల్ల ప్రయోజనం లేదు. పిల్లల కొలత జాకెట్లు ఉన్నాయా లేవా అన్నది టికెట్ కొనే సమయంలోనే అడిగి తెలుసుకోవాలి. స్త్రీలు పమిట జాకెట్ కిందకు పోయేలా సర్దుకుని, పైన పట్టీలు బిగించుకోవాలి. ఆ ఒక్క రోజుకు చీర కంటే పంజాబీ దుస్తులు నయం.

ఇందులో మరో మెలిక ఉంది. మూసిన గదిలో కూర్చున్నవారికి జాకెట్ ఒక్కోసారి అడ్డంకి అవుతుంది. బోటు తిరగబడితే అది మనిషిని పైకి, అంటే లోపలి కప్పుకేసి నెట్టివేస్తుంది. అందుచేత తలుపులు, కిటికీలు మూసిన అంతస్తులో కాక తెరచి ఉన్న చోట, బయటకు దారికి దగ్గరగా కూర్చోవడం ఉత్తమం. సుడిగుండాల ప్రాంతం వచ్చినప్పుడు సిబ్బంది చెప్పేవరకు లేవకుండా, పాటలు డ్యాన్సులు ఆపి ఎవరి చోటున వారు ఉండాలి.

కొండెక్కే ముందు కోరుకొండ మెట్లు

నది నుంచి అడవి వైపు తిరిగితే మారేడుమిల్లి, రంపచోడవరం, గుడిస కొండలు ఇటీవలి సంవత్సరాల్లో యువతను విశేషంగా ఆకర్షిస్తున్నాయి. డెల్టా వాసులకు ఇక్కడ ఎదురయ్యే మొదటి ఇబ్బంది కాళ్లది. కోనసీమలో పుట్టి పెరిగినవారికి ఏటిగట్టు కంటే ఎత్తయిన ప్రదేశం తెలియదు. రోజూ పొలం గట్ల మీద మైళ్లు నడిచేవారు సైతం గంటసేపు ఎగువకు నడిస్తే ఆయాసపడతారు. దిగేటప్పుడు మోకాళ్లు మరింత నొస్తాయి. శరీర బరువంతా తొడ కండరాలు పట్టి ఆపవలసి రావడం ఇందుకు కారణం. యాత్రకు నెల రోజుల ముందు నుంచి వారానికి రెండు మూడుసార్లు మెట్లెక్కి దిగడం అలవాటు చేసుకుంటే చాలు. రాజమహేంద్రవరం పరిసరాల వారికి కోరుకొండ నరసింహస్వామి ఆలయం ఉంది. ఆ నిటారు మెట్లకు మించిన వ్యాయామశాల ఈ చుట్టుపక్కల దొరకదు. మొదటి వారం ఉత్త చేతులతో, ఆ తరువాత మోయదలచిన సంచితోనే ఎక్కాలి. కొత్త బూట్లు కొంటే ఈ నెలలోనే తొడిగి మెత్తబరచుకోవాలి. 2014 మే 25న పదమూడేళ్ల ప్రాయంలో ఎవరెస్టు ఎక్కిన నిజామాబాద్ జిల్లా బాలిక మాలావత్ పూర్ణ సాధన మొదలైంది భువనగిరి గుట్ట మీదే. ఆ తరువాత డార్జిలింగ్, లద్దాఖ్ కొండలకు మెట్టు మెట్టుగా వెళ్లింది.

ఏజెన్సీలో రెండో ప్రమాదం జలపాతాలు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి సమీపంలోని జలతరంగిణి జలపాతం వద్ద విహారానికి వచ్చిన వైద్య విద్యార్థులు వాగు ఉధృతిలో కొట్టుకుపోగా ముగ్గురు మృతిచెందారు. కొండవాగు స్వభావం కాలువ స్వభావం వంటిది కాదు. కాలువలో నీరు లాకులు ఎత్తితే వస్తుంది, నెమ్మదిగా పెరుగుతుంది. కొండవాగుకు లాకులు లేవు. పైన ఎక్కడో, మనకు కనిపించని కొండ మీద అరగంట కుండపోత కురిస్తే, కింద ఎండ కాస్తుండగానే నీరు ఒక్కసారిగా దూకుతుంది. దానికి ముందు కొన్ని సూచనలు కనిపిస్తాయి. తేటగా ఉన్న నీరు మట్టిరంగుకు మారుతుంది. ఆకులు, పుల్లలు కొట్టుకురావడం మొదలవుతుంది. జలపాతం హోరు పెరుగుతుంది. వీటిలో ఏ ఒక్కటి గమనించినా సెల్‌ఫోన్, చెప్పులు, బట్టల కోసం చూడకుండా వెంటనే గట్టెక్కాలి. వాగు దాటి అవతలి ఒడ్డున కూర్చోవడం మరీ ప్రమాదకరం. నీరు పెరిగితే తిరిగి రావడానికి దారి ఉండదు. మోకాలి లోతు ప్రవాహమైనా పాచిపట్టిన రాళ్ల మీద మనిషిని పడదోయగలదు.

మారేడుమిల్లి, చింతూరు మధ్య ఘాట్ రోడ్డు గురించి ఒక మాట. 2019 అక్టోబరులో వాల్మీకి కొండ వద్ద యాత్రికుల బస్సు లోయలో పడి పలువురు మరణించారు. రాత్రి ప్రయాణం, మంచు, దారి తెలియని డ్రైవరు.. ఈ మూడూ ఒకచోట చేరకుండా చూసుకోవాలి. దిగేటప్పుడు తక్కువ గేరులో ఇంజను పట్టు మీదే వాహనం దిగాలి. అదేపనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు సడలుతుంది.

ఘాట్ దాటి లోపలికి వెళ్లిన తరువాత చాలా చోట్ల సెల్‌ఫోన్ సంకేతాలు అందవు. ఏ ఊరికి వెళుతున్నది, ఏ దారిన, ఎప్పటికి తిరిగి వచ్చేది కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వాలి. ఫలానా వేళకు ఫోను రాకపోతే 112కు తెలియజేయాలని వారికి ముందే చెప్పాలి. స్థానిక గిరిజన యువకులను దారి చూపేందుకు వెంట తీసుకువెళ్లడం అన్ని విధాలా మంచిది. వారికి ఇచ్చే కూలి దండగ కాదు. వాగు ఎప్పుడు పొంగుతుందో, ఎలుగుబంటి ఏ దారిన తిరుగుతుందో వారికి తెలిసినంతగా ఏ పుస్తకంలోనూ ఉండదు.

పాముకాటు విషయంలో అపోహలు ఇంకా తొలగిపోలేదు. గాటు పెట్టి రక్తం పిండటం, నోటితో పీల్చడం, తాడుతో గట్టిగా బిగించి కట్టడం హానికరం. కాటుపడిన కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆధారంతో వదులుగా కట్టి, వ్యక్తిని నడిపించకుండా, విషవిరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. 108కు ఫోను అందకపోతే ఉన్న వాహనంలోనే బయలుదేరడం మేలు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు దాదాపుగా ఉండవు. నిద్రలో కరిచినా తెలియకపోవచ్చు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే పాముకాటుగానే అనుమానించాలి. అడవిలో నేల మీద పడుకోకుండా మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందకు దోపుకుని నిద్రించడం వల్ల పాము, దోమ రెండింటి బెడదా తప్పుతుంది.

పంచాంగం చూసి కోరంగికి

అడవిలో నీరు ఆకస్మికంగా వస్తే, కాకినాడ సమీపంలోని కోరంగి అభయారణ్యంలో నీరు వేళ తప్పకుండా వస్తుంది, పోతుంది. 1978లో ఏర్పాటైన ఈ అభయారణ్యం విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. ఇక్కడికి వచ్చి నిరాశపడి వెళ్లేవారు ఎందరో. బోటు నడవాలంటే కాలువల్లో పోటు నీరుండాలి. ఆటు సమయంలో వచ్చినవారికి బురద తప్ప మరేమీ కనిపించదు. అయితే పక్షులను చూడదలచినవారికి ఆ బురదే కావాలి. నీరు తగ్గి బురద బయటపడినప్పుడే పీతలు, బురదచేపలు పైకి వస్తాయి, వాటి కోసం కొంగలు, ఉల్లంకులు వాలుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వలస పక్షులూ తోడవుతాయి. కనుక బోటు షికారు, పక్షుల వీక్షణం రెండూ కావాలంటే నీరు నిండిన వేళ వచ్చి, తీసే వేళ వరకు ఉండేలా సమయం చూసుకోవాలి.

బంగాళాఖాతంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ప్రతిరోజూ పోటు వేళ ముందురోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టుపక్కల పోటు ఎక్కువ, అష్టమి ప్రాంతంలో తక్కువ. భైరవపాలెం మత్స్యకారులు తిథిని బట్టే పడవ కదుపుతారు. అటవీ సిబ్బందికి ముందురోజు ఫోను చేసి పోటు వేళ అడిగితే ప్రయాణం వృథా కాదు.

కోరంగిలో బావురుపిల్లి ఉంది. ప్రపంచంలో అరుదైన జంతువుల్లో ఇది ఒకటి. కానీ అది రాత్రివేళ చేపలు పట్టుకునే జంతువు, పగటి సందర్శకులకు కనిపించడం అరుదు. ఓపిక ఉంటే నీటికుక్కలు కనిపించవచ్చు. మౌనంగా ఉండటం, ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు దుస్తులు ధరించడం, అత్తరు పూసుకోకపోవడం ఏ అడవికైనా వర్తించే నియమాలే. మడ చెట్లలో తిల్ల చెట్టు కొమ్మలు విరవరాదు. దాని పాలు కంట్లో పడితే తీవ్రమైన మంట పుట్టి తాత్కాలికంగా చూపు పోయే ప్రమాదం ఉంది. హోప్ ఐలాండ్ తీరానికి జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేందుకు వస్తాయి. రాత్రి దీపాలు, మంటలు వాటిని దారి తప్పిస్తాయి.

వన్యప్రాణులను చూడటానికి మహారాష్ట్రలోని తాడోబాకు, ఆర్థిక స్తోమత ఉంటే కెన్యా, టాంజానియాలకు వెళ్లే కుటుంబాలు డెల్టాలోనూ పెరుగుతున్నాయి. ఆఫ్రికా వెళ్లేవారు ఎల్లో ఫీవర్ టీకాను ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో మాత్రమే వేయించుకోవాలి. ఆ ధ్రువపత్రం లేకుండా తిరిగి వస్తే విమానాశ్రయం నుంచి నేరుగా ఆరు రోజుల వరకు నిర్బంధ పరిశీలనలో ఉంచే అవకాశం ఉంది.

ఈత వచ్చినవారికే డైవింగ్‌లో ముప్పు

సముద్ర గర్భాన్ని చూడాలన్న ఉత్సాహం ఈ తీరంలో తీరేది కాదు. అంతర్వేదిలో వశిష్ఠ, ఓడలరేవులో వైనతేయ మోసుకొచ్చే ఒండ్రు వల్ల నీరు మడ్డిగా ఉంటుంది, చేయి చాపితే వేళ్లు కనిపించవు. సంగమాల వద్ద ప్రవాహపు లాగుడు అదనం. అందుకే గోదావరి జిల్లాల యువకులు స్కూబా డైవింగ్ కోసం విశాఖ రుషికొండకు, అండమాన్‌కు వెళుతున్నారు. వీరిలో చాలామందికి చిన్ననాటి నుంచి కాలువలో ఈత వచ్చు. వంతెన మీద నుంచి దూకి, ఊపిరి బిగబట్టి అడుగు మట్టి తెచ్చిన అనుభవం ఉంటుంది. ఆ అలవాటే ఇక్కడ ప్రాణాంతకం కాగలదు.

పది మీటర్ల లోతున నీటి ఒత్తిడి కలిసి మొత్తం ఒత్తిడి ఉపరితలానికి రెట్టింపు అవుతుంది. అక్కడ సిలిండరు నుంచి పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు వ్యాకోచిస్తుంది. భయపడి ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తే ఊపిరితిత్తులు చిట్లిపోగలవు. కాలువలో మునిగినవాడు ఊపిరి బిగబట్టాలి, సిలిండరుతో మునిగినవాడు ఏ క్షణంలోనూ బిగబట్టరాదు. ఇంటి వద్ద నేర్చుకున్న విద్యను మరచిపోవడానికే మొదటి తరగతి అవసరం. జలుబు, చెవిపోటు ఉంటే ఆ రోజు దిగరాదు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుని సమ్మతి లేకుండా దిగరాదు. నిర్వాహకులు ఇచ్చే ఆరోగ్య పత్రంలో నిజం రాయాలి.

విశాఖ వెళ్లినవారు ఉదయం రుషికొండలో డైవింగ్, మధ్యాహ్నం అరకు అని కార్యక్రమం వేసుకోవడం సాధారణం. ఇది సరికాదు. నీటి అడుగున ఒత్తిడికి శరీరంలో కరిగిన నత్రజని మెల్లగా బయటకు పోవాలి. ఆ లోపే ఎత్తయిన ప్రదేశానికి ఎక్కితే అది బుడగలుగా మారి కీళ్ల నొప్పులు మొదలుకొని పక్షవాతం వరకు తెచ్చిపెట్టగలదు. విమానం ఎక్కడానికి ఒకసారి దిగినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు దిగినవారు కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవింగ్ రంగంలో పాటించే నియమం. అరకు దారి తొమ్మిది వందల మీటర్ల పైకి తీసుకువెళుతుంది గనుక అదే జాగ్రత్త అక్కడా పాటించాలి. ముందు అరకు, తరువాత సముద్రం అని వరుస మార్చుకుంటే చాలు, ఖర్చేమీ పెరగదు.

తిరిగి వచ్చిన తరువాత జ్వరం

ఇల్లు చేరడంతో జాగ్రత్త తీరిపోదు. ఏజెన్సీలో దోమ కుట్టిన తరువాత మలేరియా జ్వరం సాధారణంగా వారం నుంచి నెల రోజుల లోపు బయటపడుతుంది. అప్పటికి యాత్ర సంగతి మరచిపోయి, మామూలు జ్వరమని మందుల దుకాణంలో బిళ్లలు కొని వేసుకునేవారు ఉన్నారు. ఈ ప్రాంతంలో కనిపించే ఫాల్సిపారం రకం మలేరియా చికిత్స ఆలస్యమైతే మెదడుకు, మూత్రపిండాలకు పాకుతుంది. చలి, జ్వరం కనిపించిన రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం. ఫలితం కొద్ది నిమిషాల్లో తెలుస్తుంది. అమలాపురంలోనో, భీమవరంలోనో వైద్యుడు డెంగీ, టైఫాయిడ్ అనుమానించవచ్చు గానీ, చెప్పనిదే మారేడుమిల్లి వెళ్లి వచ్చినట్లు ఆయనకు తెలియదు. ఏ తేదీన వెళ్లారో, ఎన్ని రాత్రులు ఉన్నారో ముందుగా ఆ మాటే చెప్పాలి.